మా ఆవిడ రాసిన లా పాజ్ కాగితాలు

మా ఆవిడ రాసిన ఇరవై రెండు పేజీలు మరొకావిడ పేరుతో అచ్చయ్యాయి. అచ్చు వేయించింది నేను పనిచేసిన కంపెనీ. అట్ట మీద ఉన్న పేరు మా ప్రాజెక్టు మేనేజరుగారి భార్యది. నున్నటి కాగితం, నీలం అట్ట, దాని మీద మంచుకొండ బొమ్మ. లోపల ఉన్నది లా పాజ్ నగరంలో ఒక కుటుంబం గడిపిన మొదటి పది రోజులు. ఆ పది రోజులూ మావి. ఆ ఆయాసం మాది, ఆ తలనొప్పి మాది. అందులో ఉడకని కందిపప్పు కూడా మాదే.

ఇది జరిగి నలభై ఏళ్లయింది. "ఇంకా అదే పట్టుకుని కూర్చున్నారా?" అని మా అమ్మాయి విసుక్కుంటుంది. పట్టుకునే కూర్చున్నాను. మీలో చాలామంది ఇప్పుడు ఫ్రీమాంట్‌లోనూ రెడ్‌మండ్‌లోనూ పెద్ద పనులు చేస్తున్నారు. మీరు చేసిన దాని మీద ఇంకొకరి పేరు కనబడే రోజు మీకూ వస్తుంది. ఆ రోజు ఏం చేయాలో, ఏం చేయకూడదో నా దగ్గర కొంత సరుకుంది. ఎక్కువ భాగం చేయకూడనిదే.

నాకు డిగ్రీ లేదు. ఎస్సెల్సీ కాగానే ఒక చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ల దగ్గర హెల్పరుగా చేరాను. ఆవిరి ఒత్తిడి చూపించే ప్రెషర్ గేజీలు విప్పి, తుడిచి, మళ్ళీ బిగించడం పని. ఆ గేజీల అట్టపెట్టెల్లో మడతపెట్టి వచ్చే ఇంగ్లీషు కాగితాలే నా కాలేజీ. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను. మా ఆవిడ అన్నగారు డాక్టరు, మాకంటే చాలా ముందు అమెరికా వచ్చినవాడు. ఆయన చెల్లెలి కోసం కాగితాలు పెడితే డెబ్బైల రెండో సగంలో మేము ముగ్గురం, నేనూ ఆవిడా అయిదేళ్ల పిల్లా, కాలిఫోర్నియాలో దిగాం. కరెంటు కేంద్రాలకు కొలత పరికరాలు చేసి బిగించే ఒక కంపెనీలో నాకు టెక్నీషియన్ ఉద్యోగం దొరికింది. అక్కడ కొలిచేది నేను, రిపోర్టు మీద పేరు ఇంజనీరుది. అది వాళ్ల పద్ధతి. పైకి ఏమీ అనలేదు కానీ లోపల అనుకోని రోజు లేదు.

ఎనభైల మొదట్లో బొలీవియాలో ఒక పని వచ్చింది. లా పాజ్‌లో ఏడాదిపాటు ఉండాలి, కుటుంబాన్ని తీసుకెళ్లొచ్చు అన్నారు. సముద్రమట్టానికి పన్నెండు వేల అడుగుల ఎత్తున్న ఊరు. అంత ఎత్తులో గేజీలు సరిచూడడం తెలిసినవాళ్లు తక్కువ, నాకు తెలుసు. అందుకని నన్ను ఎంచుకున్నారు. తెలిసినవాడి తెలివి ఎంతో వినండి.

సామాను సర్దుతూ మా ఆవిడ అడిగింది, "కుక్కరు పెట్టనా?"

"అక్కడ కంపెనీ ఇల్లు ఇస్తోంది. గిన్నెలూ చెంచాలతో సహా అన్నీ ఉంటాయని రాశారు. బరువు పెంచకు."

"మరి ఈ లావు పుస్తకం?"

"అది నా పనికి కావాలి."

ఆ పుస్తకంలో ఉండేవన్నీ అంకెలే. ఎంత ప్రెషర్ దగ్గర నీళ్లు ఎంత వేడికి మరుగుతాయో పేజీల కొద్దీ పట్టికలు. ఫ్యాక్టరీ రోజుల నుంచీ నా ప్రాణం. కుక్కరు ఇంట్లో ఉండిపోయింది, పుస్తకం పెట్టెలోకి వెళ్లింది. దాని పక్కన ఆవకాయ సీసా, మూత గట్టిగా బిగించి, పైన ప్లాస్టిక్ చుట్టి. బిగించింది కూడా నేనే.

లా పాజ్ విమానాశ్రయం ఊరి కంటే ఇంకా పైన, ఒక చదును మైదానం మీద ఉంటుంది. మేము దిగిన సంగతి నేను చెప్పడం కంటే మా ఆవిడ చెప్పడమే మేలు. ఆమె అప్పుడు రాసుకున్న నోటుబుక్కు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. దాంట్లో మొదటి పేజీ ఇది:

"విమానం దిగినట్టు లేదు, ఇంకా పైకి ఎక్కినట్టుంది. నలభై అడుగులు నడిచేసరికి గుండె మీద ఎవరో కూర్చున్నట్టయింది. పిల్ల పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి. ఒక నర్సమ్మ ఆక్సిజన్ గొట్టం పట్టుకుని నిలబడి, దిగేవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూస్తోంది, ఎవరు పడతారా అని. ఈయన 'ఏం లేదు, బయట ప్రెషర్ తక్కువ, అంతే' అన్నారు. ఆ నాలుగు మాటలు అనడానికి రెండుసార్లు ఆగారు."

కస్టమ్స్ దగ్గర పెట్టె తెరవమన్నారు. తెరిచాను. అధికారి ఒక అడుగు వెనక్కి వేశాడు. నా తెల్లచొక్కాలన్నీ ఎర్రగా ఉన్నాయి. నా పుస్తకం అంచుల వెంట ఎర్రటి నూనె పైకి పాకుతోంది. కాలిఫోర్నియాలో సముద్రం పక్కన బిగించిన సీసా, లోపల అక్కడి గాలి, బయట ఇక్కడి గాలి. మూత పొంగి, ఆవకాయ నూనె దారి చూసుకుంది. ఆ అధికారి నా చొక్కాల వంకా నా వంకా మార్చి మార్చి చూశాడు. మా ఆవిడ ముందుకొచ్చి, తినేదని చేత్తో సైగ చేసింది. అతను వంగి వాసన చూశాడు, వేలి కొస ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పక్క బల్ల దగ్గరివాణ్ణి కేకేసి పిలిచాడు. ఇద్దరూ రుచి చూసి, మా మిగతా పెట్టెలు తెరవకుండానే పంపించేశారు.

"ప్రెషర్ మీ ఉద్యోగమే కదా?" అంది మా ఆవిడ కారులో కూర్చుని. 

కారు ఆ మైదానం అంచుకు వచ్చి ఒక్కసారిగా కిందికి వంగింది. కింద పెద్ద గిన్నెలాంటి లోయ, ఆ గిన్నె గోడల నిండా ఇళ్లు. ఎదురుగా మంచుకొండ. మా అమ్మాయి కిటికీకి ముక్కు ఆనించి, "నాన్నా, హౌసెస్ అన్నీ కింద పడిపోవా?" అంది. మా ఆవిడ నోటుబుక్కులో ఈ ఊరి గురించి ఒక వాక్యం ఉంది. ఆ తర్వాత ఇంజనీర్లు ఎంతమంది ఏం చెప్పినా అంత బాగా ఎవరూ చెప్పలేదు: "ఇక్కడ డబ్బున్నవాళ్లు కింద ఉంటారు, లేనివాళ్లు పైన ఉంటారు. ఎందుకంటే కింద గాలి కొంచెం ఎక్కువ, చలి కొంచెం తక్కువ. ఊపిరి కూడా వాళ్లకే ముందు."

మాకిచ్చిన ఇల్లు మధ్యలో ఉంది. కింది వాటాలో ఇంటావిడ ఉండేది, అరవై దాటిన మనిషి. మేము మెట్లెక్కి సోఫాలో పడిపోవడం చూసి, మూడు కప్పుల్లో ఏవో ఎండు ఆకులు వేసి వేడినీళ్లు పోసుకొచ్చింది. అవి కోకా ఆకులు, అక్కడ ఇంటింటా తాగే కషాయం అని తర్వాత తెలిసింది.

"ఏం ఆకండీ ఇది?" అని మా ఆవిడ నన్నడిగింది.

"నాకేం తెలుసు, తాగమంటోంది."

"ముందు మీరు తాగండి. అరగంట చూసి మేము తాగుతాం."

తాగాను. అరగంట నా మొహం వంకే చూసి వాళ్లూ తాగారు. తలనొప్పి పూర్తిగా పోలేదు కానీ, పక్క గదిలోకి వెళ్లింది.

రెండో రోజు కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. గంటకల్లా నీళ్లు కుతకుతలాడుతున్నాయి. రెండు గంటలకు మళ్ళీ నీళ్లు పోసింది. మూడు గంటలయ్యాక గరిటెతో తీసి వేళ్ల మధ్య నొక్కింది. గులకరాయి. బియ్యం బయట మెత్తగా, లోపల పలుకు.

"నీళ్లు మరుగుతున్నాయి, పప్పు మాత్రం ఉడకదు. ఇదేం ఊరండీ?"

నాకప్పుడు తట్టింది.  ఆమె పొయ్యి వైపు చూసింది, బల్ల మీద ఎండబెట్టిన నా పుస్తకం వైపు చూసింది.

"నీళ్లు ఏ ఊళ్లో ఎంత వేడికి మరుగుతాయో ఆ పుస్తకంలో ఉంటుందా?"

"ఉంటుంది."

"ఈ ఊరికి ఎంతట?"

"ఎనభై ఎనిమిది డిగ్రీలు. అక్కడికే మరిగిపోతాయి. అంతకు మించి వేడెక్కవు."

"కుక్కరుంటే?"

"ఎక్కుతాయి."

"మీరు ఆ పేజీ బయల్దేరకముందు చూడలేదా?"

నా జీవితంలో నేను చాలామంది ఇంజనీర్ల తప్పులు పట్టాను. వాళ్లలో ఎవరూ నా అంత వివరంగా తెలిసి తప్పు చేయలేదు.

మర్నాడు నేను ఆఫీసులో దూరదేశాలకు వార్తలు కొట్టే టెలెక్స్ మిషను దగ్గరికి వెళ్లాను. సొంత పనులకు టెలెక్స్ వాడకూడదని రూలు. అందుకని కాలిఫోర్నియా స్టోర్సుకి ఇలా కొట్టించాను: 'చిన్న ప్రెషర్ వెసెల్ ఒకటి, రిలీఫ్ వాల్వుతో, వెంటనే పంపండి.' మా విభాగంలో వరంగల్ వైపు నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు ఒకడుండేవాడు, అప్పటికి బ్రహ్మచారి. మా ఇంటి తాళాలు అతని దగ్గరే ఉన్నాయి. వచ్చే వారం అతనూ లా పాజ్ రావాలి. అతని కంట పడకపోతుందా అని నా ఆశ.

ఈ లోపల బంగాళాదుంపలతో గడిచింది. ఆ ఊళ్లో వాటికి లెక్కలేదు. ఎర్రవి, నల్లవి, ఊదావి, వేలంతవి. మా ఆవిడ అమ్మాయిని తోడు తీసుకుని, పది అడుగులకోసారి కూర్చుంటూ బజారుకు వెళ్లింది. ఆ రోజు నోటుబుక్కులో ఇలా ఉంది:

"గుండ్రటి నల్లటోపీలు పెట్టుకుని, పది లంగాలు ఒకదాని మీద ఒకటి కట్టుకున్న ఆడవాళ్లు నేల మీద కుప్పలు పోసి కూర్చున్నారు. ఒకామె దగ్గర దుంపలు తీసుకున్నాను. తూచి వేసింది. నా చెయ్యి నాకు తెలియకుండానే సంచీ ఇంకా చాపి పట్టుకుంది, తెనాలి మార్కెట్లో పట్టుకున్నట్టు. ఆమె నవ్వి, 'యాపా' అని ఇంకో రెండు దుంపలు వేసింది. యాపా అంటే కొసరు. అమెరికాలో ఇన్నేళ్లలో కొసరు అడగడానికి మనిషే లేడు, అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో ముందే కట్టేసి ఉంటాయి. ఈ ఊళ్లో ఉండగలను అనిపించింది."

అక్కడే నల్లగా ముడుచుకుపోయిన దుంపల కుప్ప ఒకటి చూసి, కుళ్లినవి అమ్ముతున్నారనుకుంది. ఇంటావిడ చెప్పాక రాసింది: "మనం ఎండలో వడియాలు పెట్టినట్టు వీళ్లు మంచులో దుంపలు పెడతారు. రాత్రి గడ్డకట్టించి, పగలు తొక్కి, ఎండబెడతారు. ఏళ్ల తరబడి నిలవుంటాయట."

తొమ్మిదో రోజున వరంగల్ కుర్రాడు వచ్చాడు. ఆయాసపడుతూ మెట్లెక్కి, చేతిలో అట్టపెట్టె మా ఆవిడకు ఇచ్చి గోడకు ఆనుకున్నాడు.

"అన్నా, నీ టెలెక్స్ జూసి స్టోర్లోళ్లు రెండు దినాలు లెంకిండ్రు. స్మాల్ ప్రెషర్ వెసెల్ అంట, రిలీఫ్ వాల్వ్ అంట! మన క్యాటలాగుల లేదని ఆఖరికి నా దగ్గరకి తెచ్చిండ్రు. నేను జదివి నవ్వుడే నవ్వుడు."

"మరి ఏం చెప్పావు?"

"అది నాకెరుకే, నేనే తీస్కపోత అన్న. ఇంటికి వోయి కుక్కరు దీసి, దారి పొంటి ఒళ్లెనే వెట్టుకున్న. పక్క సీటాయన ఇదేం మిషినన్నడు. పప్పు మిషినన్న. వదినా, ముందుగాల అన్నం వెట్టు, తర్వాత ఊపిరి దీసుకుంట."

ఇంట్లో రెండు విజిల్స్‌కు ఉడికే పప్పు అక్కడ నాలుగు విజిల్స్ తీసుకుంది. పదో రోజున మేము నలుగురం చారూ పప్పూ తిన్నాం. ఆ వాసనకు కింద ఇంటావిడ పైకొచ్చి గుమ్మంలో నిలబడితే ఆమెకూ పెట్టాం.

ఇక అసలు సంగతి. నెల తిరక్కముందే లా పాజ్ ఆఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది: కుటుంబంతో వచ్చిన ఉద్యోగులందరూ తమ మొదటి అనుభవాలు రాసి ఇవ్వాలి, తర్వాత వచ్చే కుటుంబాలకు పనికొస్తాయి అని. మిగతావాళ్లు అరపేజీ ఇచ్చారు: చలిగా ఉంది, కొండ బాగుంది. మా ఆవిడ నోటుబుక్కు నా ముందు పెట్టింది. "ఇందులో ఉన్నది చెప్పండి. ఇంకో ఆడది ఇక్కడికొచ్చి నాలాగా మూడు గంటలు పొయ్యి ముందు నిలబడకూడదు."

మూడు ఆదివారాలు భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. ఆవిడ చదివేది, నేను డిక్షనరీ చూసి ఇంగ్లీషులో పెట్టేవాణ్ణి, అమ్మాయి దిద్దేది. పదేళ్ల పిల్ల, దాని ఇంగ్లీషు ముందు నాది ఎంత!

"నాన్నా, ఫోర్ విజిల్స్ అని రాయొద్దు. అమెరికన్స్ విజిల్స్ కౌంట్ చెయ్యరు."

"మరేం చేస్తారు?"

"క్లాక్ చూస్తారు. వాళ్ల కుక్కర్ అసలు విజిల్ వెయ్యదు. ఇట్ జస్ట్ హిస్సెస్. మా ఫ్రెండ్ వాళ్లింట్లో చూశాను."

"అమ్మ నాలుగు విజిల్స్ అంది. నాలుగు విజిల్స్ అనే రాద్దాం."

"ఓకే. కానీ వాళ్లకి అర్థం కాదు, ఐ టోల్డ్ యూ."

నేను ఆఫీసు టైపు మిషన్ మీద ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాను. ఇరవై రెండు పేజీలు. తీసుకెళ్లి ఇచ్చాను. ఏడాది కాగానే కాలిఫోర్నియాకి, ఫ్రీమాంట్‌లో మా ఇంటికి వచ్చేశాం.

ఇంకో రెండేళ్లకు వరంగల్ కుర్రాడికి పెళ్లయింది. లా పాజ్‌లో రెండో విడత పనికి భార్యతో వెళ్తున్నాడని తెలిసి ఇద్దరినీ భోజనానికి పిలిచాం. ఆ అమ్మాయికి కొత్త ఊరంటే కంగారు. అడిగి తెలుసుకుందామని కంపెనీ ఇచ్చిన నీలం అట్ట పుస్తకం వెంట తెచ్చుకుంది. మా ఆవిడ వడ్డిస్తుండగా దాన్ని తిరగేస్తూ ఉన్నట్టుండి నవ్వింది.

"అక్కా, గీ దొరసాని గమ్మతుంది! మన లెక్కనే విజిల్లు లెక్కవెడ్తది. పప్పుకు నాలుగు విజిల్లు రావాల్నంట. ఈమెకు మన కుక్కరు యాడ దొరికెనో!"

మా ఆవిడ చేతిలో గరిటె ఆగింది. "తర్వాత చదువమ్మా."

"కూరగాయలు కొనేటప్పుడు సంచి కొంచెం ముందలికి పట్టుకోండి..."

"...అడక్కపోయినా ఇంకో రెండు వేస్తారు," అని మా ఆవిడ ఆ వాక్యం పూర్తిచేసింది. "అలాగే ఉందా?"

"అట్లనే ఉన్నది! నీకెట్ల ఎరుకక్కా?"

మా అమ్మాయి కుర్చీలోంచి లేచిపోయింది. "నాన్నా, దట్స్ అవర్స్! మనం రాసిందే అది! విజిల్స్ వద్దని నేను అప్పుడే చెప్పాను కదా!"

పుస్తకం లాక్కుని అట్ట చూశాను. మేనేజరుగారి భార్య పేరు. ఆవిడ మా తర్వాత మూడు వారాలకు లా పాజ్ వచ్చింది, లోయ కింది భాగంలో పెద్ద ఇంట్లో ఉంది. ఒక్క పార్టీలో మాతో రెండు ముక్కలు మాట్లాడింది. ఆవిడ బజారులో కూర్చుని దుంపలు ఏరుకోవడం నేనైతే చూడలేదు.

ఆ రోజు నేను అన్నం సగంలో వదిలేశాను. వచ్చిన పిల్లలిద్దరూ తమదే తప్పయినట్టు తలొంచుకుని తిన్నారు. మా ఆవిడ మాత్రం ఆ అమ్మాయి పక్కన కూర్చుని, పుస్తకంలో ఏవి తీసేశారో వేలు పెట్టి చూపిస్తూ, అవి నోటితో చెప్పింది. "మొదటి మూడు రోజులు బరువు ఎత్తకు. తక్కువ తిను. ఆ ఆకుల కషాయం తాగు, ఏం కాదు." అవతలి మనిషికి కావలసింది ఆమె ఇచ్చేసింది. నాకు కావలసింది వేరే.

మర్నాడే పర్సనెల్ విభాగానికి ఉత్తరం రాశాను. రెండు వారాలకు జవాబు: ఉద్యోగులు ఇచ్చిన రాతలన్నీ కంపెనీవే, మీ ఉత్సాహానికి ధన్యవాదాలు. ఉత్సాహమట! మళ్ళీ రాశాను. ఈసారి రుజువు జత చేశాను. అమెరికన్ కుక్కరు మూత మీది బరువు ఆగకుండా ఊగుతూ బుసకొడుతుందనీ, మన కుక్కరు బరువు ఆగి ఆగి లేచి కూత పెడుతుందనీ, కాబట్టి విజిల్స్ లెక్కపెట్టే అలవాటు మనవాళ్లదే తప్ప ఆవిడది అయ్యే అవకాశం లేదనీ రెండు బొమ్మలు గీసి, ప్రెషర్ అంకెలు వేసి పంపాను. నా జన్మలో అంత శ్రద్ధగా బొమ్మ గీయలేదు. ఆ ఉత్తరాన్ని వాళ్లు సేఫ్టీ విభాగానికి పంపారు. సేఫ్టీ విభాగం వాళ్లు నాకు రాశారు: సదరు వెసెల్ వల్ల ఉద్యోగులెవరికైనా గాయాలయ్యాయా?

ఇలా మూడేళ్లలో ఏడు ఉత్తరాలు. మేనేజరుగారిని కారిడార్‌లో నిలదీశాను కూడా. "అదొక చిన్న కరపత్రం, దాని కోసం ఎందుకింత?" అన్నాడు నవ్వుతూ, భుజం తట్టాడు. చిన్నదైతే సరిచేయడం కూడా చిన్న పనే కదా అన్నాను. అతను అప్పటికే నాలుగు అడుగులు ముందుకెళ్లిపోయాడు. మంచి మనిషే, అందరి భుజాలూ తట్టేవాడు.

ఇంట్లో ప్రతి ఉత్తరమూ పంపేముందు మా ఆవిడకు చదివి వినిపించేవాణ్ణి. ఆరో ఉత్తరమో ఏడోదో చదువుతుంటే మధ్యలో అడిగింది.

"ఇదంతా ఎవరి కోసం చేస్తున్నారు?"

"నీ కోసం కాక ఎవరి కోసం?"

ఆమె నన్ను ఒక క్షణం చూసి, బట్టలు మడతపెట్టుకోవడంలో పడింది. నేను ఆ చూపును మెచ్చుకోలు అనుకున్నాను.

వరంగల్ కుర్రాడు రెండో విడత పని ముగించి తిరిగొచ్చాడు, చేతిలో చంటిబిడ్డతో. ఒకరోజు క్యాంటీన్‌లో నా ఏడో ఉత్తరానికి వచ్చిన జవాబు చూపించాను. చదివి మడతపెట్టి నా జేబులోనే పెట్టాడు.

"అన్నా, కంపెనీకి ఏడు రాసినవ్. ఆ దొరసానికి ఒక్కటన్న రాసినవా?"

"ఆవిడకా? పేరు కొట్టేసిన మనిషికి నేను ఉత్తరం రాయాలా?"

"కొట్టేసిందని ఎవలు జెప్పిండ్రు? అడిగినవా?"

"అట్ట మీద కనిపిస్తుంటే అడిగేదేముంది?"

"గేజీ ముల్లు ఎక్కువ జూపిస్తే, ముందు గేజీ సూడు, తర్వాత బాయిలరును తిట్టు అని నాకు నేర్పింది నువ్వే గదన్నా."

లేచి వచ్చేశాను. ఇంకో ఏడాది గడిచింది. మేనేజరుగారు రిటైరై భార్యతో వేరే రాష్ట్రానికి వెళ్లిపోయారు. అప్పుడు, ఇక ఎవరికి రాయాలో తోచక, అడ్రసు సంపాదించి ఆవిడకు రాశాను. మర్యాదగా రాశానని చెప్పలేను. పరాయి మనిషి చూపునీ, చేతి వంటనీ, మాటనీ మీ పేరు కింద పెట్టుకోవడానికి మీకు మనసెలా ఒప్పింది అని అడిగాను. నా భార్య, నా భార్య అని ఆ ఉత్తరంలో ఎన్నిసార్లు రాశానో గుర్తులేదు.

అయిదు వారాలకు జవాబు వచ్చింది. మందపాటి కవరు, చేత్తో రాసిన అడ్రసు. పోస్టుబాక్సులోంచి తెచ్చి నాకిచ్చింది మా ఆవిడే. ఒక్కడినే గరాజులో కూర్చుని చదివాను. పొద్దున వచ్చిన ఉత్తరాన్ని సాయంత్రం దాకా ఆమె చేతికివ్వలేదు. ఇచ్చాక ఆమె కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది, మడిచి నోటుబుక్కులో పెట్టుకుంది. దాన్నే తీసి, నాకు చేతనైన తెలుగులో ఇక్కడ పెడుతున్నాను:

"అయ్యా, మీ ఉత్తరం అందింది. ఆ పుస్తకం నేను రాశానని ఎవరితోనూ ఎప్పుడూ చెప్పలేదు. అది అచ్చయి మా ఇంటికి వచ్చిన రోజున నా పేరెందుకు వేశారని అడిగాను. వచ్చిన కాగితాల మీద ఒక టెక్నీషియన్ పేరుంది, వంట గురించీ పిల్లల గురించీ మగవాడు చెబితే ఆడవాళ్లు నమ్మరు, అందుకని మీ పేరు పెట్టాం అన్నారు. ఊరుకున్నాను. ఊరుకోవడం తప్పు, ఒప్పుకుంటున్నాను. మీ ఉత్తరం చూశాక నా భర్త పాత ఫైళ్లన్నీ వెతికాను. మీరు టైపు చేసి ఇచ్చిన ఇరవై రెండు పేజీలు దొరికాయి, నకలు జత చేస్తున్నాను. మొదటి పేజీలో 'రాసినవారు' అన్నచోట ఉన్నది మీ పేరు. చివరి పేజీలో ఉన్నది మీ సంతకం. 'నా భార్య వెళ్లింది', 'నా భార్య వండింది', 'నా భార్యకు ఇలా అనిపించింది' అని మీరు రాసిన చోటల్లా అచ్చులో 'నేను' అని మార్చారు. ఆవిడ పేరు కోసం ఆ పేజీలన్నీ రెండుసార్లు చదివాను. లేదు. మీరు నాకు రాసిన ఉత్తరంలోనూ లేదు. నా దగ్గరున్న పుస్తకం మీద నా పేరు కొట్టేశాను. కలం పట్టుకునే ఉన్నాను. ఆవిడ పేరేమిటి?"